ఫాలౌట్ 3 నచ్చినవారికి న్యూ వెగాస్ ఎందుకు ఇరుకుగా అనిపిస్తుంది?

శిథిల బాటసారి:

అందరికీ నమస్కారం. అణుయుద్ధం తర్వాతి శిథిల ప్రపంచంలో సాగే వీడియో గేమ్ ఫాలౌట్ 3ను ఐదు డీఎల్‌సీలతో (విడిగా వచ్చే అదనపు కథలతో) సహా పూర్తిచేసి, ఈ మధ్యనే ఫాలౌట్: న్యూ వెగాస్ మొదలుపెట్టాను. మొదటిది 2008లో బెథెస్డా స్వయంగా తయారుచేసిన ఆట. రెండోది 2010లో అదే బెథెస్డా ప్రచురణలో అబ్సిడియన్ సంస్థ చేసింది. ఇంజిన్ ఒకటే, ముంజేతికి తగిలించుకునే పిప్-బాయ్ కంప్యూటర్ ఒకటే, తుపాకుల్లోనూ జంతువుల్లోనూ చాలావరకు పాతవే. అయినా మొదటిదాన్ని ఆడినంత హాయిగా రెండోదాన్ని ఆడలేకపోతున్నాను.

ఫాలౌట్ 3లో వాల్ట్ 101 అనే భూగర్భ ఆశ్రయం తలుపు దాటి, వెలుగుకు అలవాటుపడని కళ్లతో కొండ అంచున నిలబడ్డాక ఎటు వెళ్లాలన్నది పూర్తిగా మన ఇష్టం. తండ్రి జేమ్స్‌ను వెతకడమే ప్రధాన కథ అయినా, దాన్ని పక్కనపెట్టి కూలిన వంతెన వైపో, దూరాన కనిపించే గోపురం వైపో నడిస్తే అక్కడ చూడవలసినది ఏదో ఒకటి ఉంటుంది. న్యూ వెగాస్‌లో గుడ్‌స్ప్రింగ్స్ శ్మశానం దగ్గర ఆట మొదట్లో నిలబడితే గమ్యమైన వెగాస్‌లోని లక్కీ 38 బురుజు కనిపిస్తూనే ఉంటుంది కానీ, నేరుగా ఉత్తరానికి నడిస్తే కాజడోర్లనే పెద్ద కందిరీగలు విషపు కొండితో పొడిచి చంపుతాయి, స్లోన్ దాటి పెద్ద రహదారి పట్టుకుంటే క్వారీ జంక్షన్‌లో డెత్‌క్లాలనే భారీ మృగాలు చీల్చేస్తాయి. దక్షిణాన ప్రిమ్, నిప్టన్, నోవాక్ చుట్టి వచ్చే దారి ఒక్కటే మిగులుతుంది. కొండ ఎక్కి అడ్డదారి వెతుకుదామంటే అక్కడ కంటికి కనిపించని గోడ అడ్డుపడుతుంది. దారిలో ఎదురైన గుడిసెల్లో చాలావాటిలో ఒక పరుపు, రెండు ఖాళీ సీసాలు తప్ప ఏమీ లేవు.

ఈ సిరీస్‌లో న్యూ వెగాస్‌ను మించింది లేదని చాలామంది అంటారు. ఆ మెప్పు సంభాషణల రచనకేనా, లేక ఆట నిర్మాణంలోనే నేను గమనించని విషయం ఏదైనా ఉందా? ఏది గొప్పదన్న తీర్పు కన్నా, రెండూ ఇంత వేరుగా అనిపించడానికి కారణం ఎవరైనా వివరిస్తే సంతోషిస్తాను. కథ ముందే తెలిసిపోయినా నాకు ఇబ్బంది లేదు.

మోజావే మునసబు:

బాటసారి గారూ, మీరు ఫిర్యాదు చేసిన ఆ చుట్టుదారిలోనే మీ ప్రశ్నకు జవాబు ఉందని నా అభిప్రాయం.

ఫాలౌట్ 3లో శత్రువుల బలం చాలావరకు మన స్థాయిని బట్టి సర్దుకుంటుంది కాబట్టి ఏ దిక్కుకు నడిచినా నెగ్గుకురావచ్చు. ఆ స్వేచ్ఛకు తగ్గట్టుగానే అక్కడి ఊళ్లన్నీ ఎవరి కథ వారిదిగా ఉంటాయి. ఒక ఊరు చూడకపోయినంత మాత్రాన మరో ఊరు అర్థం కాకుండా పోదు. న్యూ వెగాస్‌లో అలా కాదు. అక్కడ ఒక ఊరి కష్టానికి కారణం పక్క ఊళ్లో ఉంటుంది, పక్క ఊరి కష్టానికి కారణం అన్ని పక్షాలూ పోటీపడే హూవర్ డ్యామ్ దగ్గర ఉంటుంది. గుడ్‌స్ప్రింగ్స్ మీదికి వచ్చిన పౌడర్ గ్యాంగర్లనే తీసుకోండి. వీళ్లు రైలు మార్గం బాగుచేయడానికి ఎన్‌సీఆర్ అనే కాలిఫోర్నియా రిపబ్లిక్ తీసుకువచ్చిన ఖైదీలు. సైనికులను డ్యామ్ కాపలాకు తరలించడంతో జైలు మీద పట్టు సడలింది, పని కోసం చేతికిచ్చిన డైనమైట్‌తోనే ఖైదీలు తిరగబడ్డారు. వాళ్లలో కొందరు ప్రిమ్ షెరీఫ్‌ను చంపారు. ఇప్పుడు ప్రిమ్‌కు కొత్త షెరీఫ్‌ను మీరే చూడాలి. ఊరిని ఎన్‌సీఆర్‌కు అప్పగిస్తే రక్షణతో పాటు పన్నులూ వస్తాయి. వద్దనుకుంటే మాజీ ఖైదీ మేయర్స్‌నో, ప్రిమ్ స్లిమ్ అనే రోబోనో నిలబెట్టవచ్చు. ఒక సామ్రాజ్యం తన శక్తికి మించి చేతులు చాస్తే ఏమవుతుందో రెండు ఊళ్లు దాటేలోపే, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే, మనకు తెలిసిపోతుంది.

తర్వాత నిప్టన్‌లో బానిసలను పట్టే సీజర్ లీజియన్ అనే సైన్యం లాటరీ వేసి ఊరిని శిక్షించిన తీరు చూస్తారు. నోవాక్‌లో బూన్ అనే మాజీ సైనికుడి భార్యను లీజియన్‌కు అమ్మినవారిని వెతికేటప్పుడు దొరికే విక్రయపత్రంలో ఆమె ఖరీదు 1,000 క్యాప్స్ (అక్కడి డబ్బు), కడుపులోని బిడ్డకు మరో 500 అని రాసి ఉంటుంది. లీజియన్ భూభాగంలో అడుగుపెట్టకపోయినా, మనుషులకు ధర కట్టి రసీదు రాసే వ్యవస్థ అది అని ఆ ఒక్క కాగితం చెబుతుంది. మీరు వెగాస్ గేటు దగ్గరకు వచ్చేసరికి పోటీలో ఉన్నవారందరి మీదా మీకు ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది. నేరుగా ఉత్తరానికి నడిచి చేరితే వెగాస్‌ను ఏలే మిస్టర్ హౌస్ చెప్పే మాటలకు అటు ఒప్పుకోవడానికో, ఇటు కాదనడానికో మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. డెత్‌క్లాలను క్వారీలో నిలిపింది అందుకే. దాక్కుంటూ పాకుతూ వెళ్లే ఓర్పు ఉన్నవారికి ఆ దారి కూడా తెరిచే ఉంచారనుకోండి.

మరో తేడా తిండి, నీళ్లు. బాంబులు పడింది 2077లో, ఫాలౌట్ 3 జరిగేది 2277లో. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా సూపర్ డూపర్ మార్ట్ అరల్లో పాత డబ్బాలు మిగిలి ఉంటాయి, మెగాటన్ అనే ఊరి జనం ఏం పండించి బతుకుతున్నారో ఆలోచించడం మొదలుపెడితే సమాధానం దొరకదు. న్యూ వెగాస్ జరిగే 2281 నాటి మోజావే ఎడారిలో పొలాలున్నాయి, పైపులున్నాయి, వాటి మీద తగాదాలూ ఉన్నాయి. వాల్ట్ 34 నుంచి కారుతున్న రేడియేషన్ ఎన్‌సీఆర్ కౌలు రైతుల నీటిని పాడుచేస్తుంటుంది. దాన్ని ఆపాలంటే లోపల చిక్కుకున్నవారిని వదిలేసుకోవాలి, వారిని కాపాడితే పొలాలు పోతాయి. మెగాటన్ మధ్యలో పేలకుండా పడి ఉన్న అణుబాంబును పేల్చాలా, నిర్వీర్యం చేయాలా అన్న ప్రశ్నలో తప్పొప్పులు మొదటి నుంచీ స్పష్టమే; వాల్ట్ 34లో మాత్రం ఏ మీట తిప్పినా ఎవరో ఒకరికి నష్టం. మెగాటన్ ఊరినే పేల్చేస్తే ఆ తర్వాత ఏమవుతుందో కూడా చూడండి. రేడియోలో త్రీ డాగ్ తిడతాడు, తండ్రి బాధపడతాడు, ఊరి దుకాణదారు మోయిరా బ్రౌన్ గూల్‌గా (రేడియేషన్‌తో రూపు మారిన మనిషిగా) మారి బతికి బయటపడుతుంది. మిగతా ప్రపంచం మాత్రం అంత పెద్ద ఊరు పోయిందన్న ఎరుకే లేకుండా తన పని తాను చేసుకుపోతుంది.

పాత డిస్కుల పెట్టె:

మునసబు గారి విశ్లేషణలో న్యూ వెగాస్ గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను కానీ, ఫాలౌట్ 3కు మెగాటన్ ఒక్కటే ఉదాహరణ అన్నట్టు వదిలేయడం న్యాయం కాదు.

టెన్‌పెన్నీ టవర్ సంగతే చూడండి. రాయ్ ఫిలిప్స్ నాయకత్వంలోని గూల్స్ తమనూ ఆ భవనంలోకి రానివ్వాలంటారు, లోపలి ధనికులు కుదరదంటారు. మనం ఓపికగా ఇరువర్గాలకూ నచ్చజెప్పి అందరూ కలిసి ఉండే ఏర్పాటు చేసి సంతోషంగా వెళ్లిపోతాం. కొన్నాళ్లకు తిరిగివస్తే అక్కడ మనుషులెవరూ మిగలరు. రాయ్ అందరినీ చంపించి ఉంటాడు. ఆగ్రహంతో అతన్ని కాల్చేస్తే కర్మ లెక్కలో మనమే పాపం చేసినట్టు నమోదవుతుంది. కర్మ మీటర్‌కు బుద్ధి లేదని నవ్వుకోవచ్చు, నేనూ నవ్వుకుంటాను, కానీ ఆ క్వెస్ట్ (ఆటలో మనకిచ్చే పని) రాసినవారికి లోకజ్ఞానం లేదని మాత్రం అనలేం.

ఇక తిండి లెక్కలు. ఆ విమర్శ నిజమే. అయితే ఫాలౌట్ 3 తన శ్రద్ధనంతా మరో చోట పెట్టింది. ఈ ఆటలో ఎక్కువగా మాట్లాడేది చనిపోయినవారే. కెల్లర్ కుటుంబం టేపుల కోసం తిరిగినవారికి నేను చెప్పేది అర్థమవుతుంది. బాంబులు పడే రోజున ఒక బంకర్‌కు చేరాలనుకున్న కుటుంబ సభ్యుల గొంతులు మ్యాప్‌లో తలో మూలా పడి ఉంటాయి. ఆ టేపుల్లో ముక్కలు ముక్కలుగా ఉన్న తాళం సంఖ్యను కలుపుకుంటేనే నేషనల్ గార్డ్ డిపోలోని ఆ తలుపు తెరుచుకుంటుంది. డన్‌విచ్ భవనంలో ఒక కొడుకు తండ్రి జాడ కోసం వెతుకుతూ రికార్డు చేసుకున్న మాటలు అంతస్తు అంతస్తుకూ మతి తప్పుతూ పోతాయి, వింటున్న మనం కూడా తండ్రిని వెతుకుతున్నవారిమే కదా. వాల్ట్ 92లో సంగీత విద్వాంసులను పోగుచేసి, వినిపించీ వినిపించని శబ్దాలతో వారిని హింసోన్మాదులుగా మార్చారు. ఆ వాల్ట్ నుంచి వయొలిన్ తెచ్చి అగథ అనే వృద్ధురాలికి ఇస్తే, ఆ తర్వాత వేస్ట్‌ల్యాండ్‌లో ఎక్కడున్నా ఆమె వాయించేది మన రేడియోలో వినవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ ప్రధాన కథకు అవసరం లేదు. ఎవరూ చెప్పకుండా మనంతట మనం వెళ్లి కనుక్కోవడంలోనే వాటి బలమంతా ఉంది. న్యూ వెగాస్‌లో ఆ కోవకు చెందినవి లేకపోలేదు, ఎన్నికల పేరుతో బలి ఇచ్చిన వాల్ట్ 11 ఒక్కటి చాలు. అయినా నడకకు ప్రతిఫలం ఇవ్వడంలో ఫాలౌట్ 3దే పైచేయి.

ముగింపు విషయంలో మాత్రం వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఫాలౌట్ 3 చివర్లో రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లాల్సి వస్తే, రేడియేషన్ సోకని ఫాక్స్ అనే సహచరుడు పక్కనే నిలబడి, ఇది నీ విధి, నేను అడ్డురాకూడదంటూ మనల్ని చావుకు పంపడం 2008లోనే ఆటగాళ్లకు కోపం తెప్పించింది. బ్రోకెన్ స్టీల్ డీఎల్‌సీలో దాన్ని సరిదిద్దవలసి వచ్చింది.

అప్పట్లో ఎక్స్‌బాక్స్ 360 ఉన్న మనవాళ్లకు ఈ ఆట దుకాణాల్లో దొరకలేదన్న సంగతి కొత్తవారికి తెలియకపోవచ్చు. సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా ఫాలౌట్ 3ను భారత్‌లో విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబరులో ప్రకటించింది. ఫలానా అంశమని చెప్పకపోయినా, ఆటలోని రెండు తలల పశువులకు పెట్టిన బ్రాహ్మిన్ అన్న పేరే కారణమని చాలామంది అనుకున్నారు. జపాన్ ప్రతిలోనైతే మెగాటన్‌ను పేల్చే అవకాశాన్నే తొలగించారు.

లెక్కల మాస్టారు:

ఇద్దరూ కథ గురించే మాట్లాడారు కనుక నేను అంకెల గురించి చెబుతాను. బాటసారి గారు డెత్‌క్లాల చేతిలో అంత సులభంగా చనిపోవడానికి కారణం అక్కడే ఉంది.

ఫాలౌట్ 3లో కవచం దెబ్బను శాతంలో తగ్గిస్తుంది. కవచం విలువ 30 అనుకుంటే 20 దెబ్బ 14 అవుతుంది, 60 దెబ్బ 42 అవుతుంది. అంటే ఎంత చిన్న తుపాకీతోనైనా, తూటాలు ఉన్నంతవరకు, ఎంత పెద్ద మృగాన్నైనా అరగదీయవచ్చు. న్యూ వెగాస్‌లో ప్రధానంగా పనిచేసేది డ్యామేజ్ థ్రెషోల్డ్, అంటే తీసివేత. డెత్‌క్లాకు అది 15. 20 దెబ్బ వేసే తూటా 5కు పడిపోతుంది, 60 వేసే తూటా 45 వేస్తుంది. గుడ్‌స్ప్రింగ్స్‌లో దొరికిన తొమ్మిది ఎంఎం పిస్టల్‌తో డెత్‌క్లాను కొడితే, ఆట ఇచ్చే కనీసపు వాటా తప్ప దానికి ఏమీ తగలదు. కవచాన్ని ఛేదించే తూటాలు వేరుగా ఎందుకు ఉన్నాయో, వాటిని తయారుచేసుకునే బల్లలు ఊరూరా ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. పైగా ఫాలౌట్ 3లో వాట్స్ (ఆటను ఆపి గురి ఎంచుకునే పద్ధతి) నడుస్తున్నంతసేపు మనకు తగిలే దెబ్బ పదో వంతుకు తగ్గిపోయేది. న్యూ వెగాస్‌లో ఆ రక్షణను బాగా కోసేశారు, బదులుగా తుపాకీ సూటి చూసి కాల్చే పద్ధతిని చేర్చారు. ఫాలౌట్ 3 అలవాటుతో ప్రతి పోరులోనూ వాట్స్ మీద ఆధారపడితే ఇక్కడ తప్పకుండా దెబ్బతింటారు.

మాటల విషయంలోనూ ఇంతే. ఫాలౌట్ 3లో ఒప్పించే ప్రయత్నం పక్కన శాతం కనిపిస్తుంది. విఫలమైతే సేవ్‌ను మళ్లీ లోడ్ చేసి, కుదిరేదాకా అదే మాట అనవచ్చు. దీన్ని నైపుణ్యం అనడానికి నాకు మనసొప్పదు. న్యూ వెగాస్‌లో హద్దు ఇంత అని ముందే రాసి ఉంటుంది. ఉంటే ఉంది, లేకపోతే లేదు. లేనివాడు నోరు తెరిస్తే వచ్చే వెర్రి మాటలు కూడా చదవదగ్గవే. అంతకన్నా ముఖ్యంగా, ఒక్క స్పీచ్ (మాటకారితనం) తోనే పని గడవదు. వైద్యం తెలిసినవాడికి ఒక మాట, పేలుడు పదార్థాలు తెలిసినవాడికి మరో మాట దొరుకుతుంది. చివరి పోరులో లీజియన్ సేనాని లెగేట్ లేనియస్ వంటి వాడిని కూడా బేరసారాల నైపుణ్యంతో, సరఫరా మార్గాలు ఇంత దూరం నిలవవని వాదించి, వెనక్కి పంపవచ్చు.

ఫాలౌట్ 3లో ప్రతి స్థాయికీ ఒక పెర్క్ (ప్రత్యేక సామర్థ్యం) వస్తుంది, బ్రోకెన్ స్టీల్‌తో గరిష్ఠ స్థాయి 20 నుంచి 30కి పెరిగింది. ఆఖరికి అందరి పాత్రా అన్నీ వచ్చిన ఒకే వీరుడిగా తయారవుతుంది. న్యూ వెగాస్‌లో రెండు స్థాయిలకు ఒక పెర్క్ మాత్రమే కాబట్టి ఏది వదులుకోవాలో ఆలోచించక తప్పదు. నా లెక్కలో రోల్-ప్లేయింగ్ అంటే ఈ వదులుకోవడమే. అందుకే పాత డిస్కుల పెట్టె గారు ఎన్ని టేపులు వినిపించినా నా ఓటు న్యూ వెగాస్‌కే.

శిథిల బాటసారి:

మునసబు గారికీ, మాస్టారు గారికీ, డిస్కుల పెట్టె గారికీ కృతజ్ఞతలు. పౌడర్ గ్యాంగర్ల వెనుక ఉన్న డ్యామ్ కథ నాకు తట్టనే లేదు, వాళ్లను మామూలు దొంగల ముఠా అనుకుని కాల్చుకుంటూ వచ్చాను.

ఒక సందేహం మిగిలింది. పక్షాలు నాలుగు అంటారు కానీ, నిప్టన్ చూశాక లీజియన్ వైపు వెళ్లడానికి బుద్ధి ఉన్నవాడికి ఏ కారణం కనిపిస్తుంది? అది నిజమైన ఎంపిక కానప్పుడు, మంచిచెడ్డల మధ్య పెద్ద గీత గీసిన ఫాలౌట్ 3ను మాత్రమే తప్పుపట్టడం ఎంతవరకు సబబు?

మోజావే మునసబు:

సరైన చోటే పట్టుకున్నారు. లీజియన్ ఈ ఆటలో తెగిపోయిన భాగం. అబ్సిడియన్‌కు దొరికిన సమయం దాదాపు 18 నెలలే, కొలరాడో నదికి తూర్పున వారి పాలన ఎలా ఉంటుందో చూపించే ప్రాంతాలు ఆటలోకి రాలేదు. అరిజోనాలో ఒకప్పుడు బందిపోట్లు ఎంతగా చెలరేగేవారో, సీజర్ వచ్చాక దారులు ఎలా నిమ్మళించాయో రౌల్ అనే సహచరుడి నోట వింటాం. ఆ శాంతిని మన కళ్లతో చూసి ఉంటే, దాని వెలను నిప్టన్‌లో చూసినప్పుడు ఆలోచనలో పడేవాళ్లం. వెల మాత్రమే చూపించి సరుకు దాచిపెట్టినట్టయింది. ఎన్‌సీఆర్‌కు ఉన్నన్ని క్వెస్టులలో సగమైనా లీజియన్‌కు లేవు.

కాబట్టి నిజమైన పోటీ ఎన్‌సీఆర్, మిస్టర్ హౌస్, యెస్ మ్యాన్ అనే రోబో సాయంతో మీరు స్వయంగా నిలబెట్టే స్వతంత్ర వెగాస్, ఈ మూడింటి మధ్యనే అనుకోండి. హౌస్ వాదన వినే ముందు కొట్టిపారేయకండి. 2077లో వెగాస్ పరిసరాల మీదికి వచ్చిన 77 క్షిపణులలో 59ని అతను గాలిలో ఉండగానే సంకేతాలు పంపి నిర్వీర్యం చేశాడు, మరో 9ని లక్కీ 38 మీది లేజర్ ఫిరంగులతో కూల్చాడు. ఊరి మీద ఒక్కటీ పడలేదు. ఆట ఆరంభంలో మీ తలలో తూటా దించి బెన్నీ ఎత్తుకుపోయిన ఆ ప్లాటినం చిప్ అప్పట్లోనే ఒక్క రోజు ముందు చేరి ఉంటే ఇంకా మెరుగ్గా కాపాడేవాడినంటాడు, ఆలస్యం 20 గంటలేనట. అలాంటి మనిషికి ఊరి మీద హక్కు ఉందా, ఆ హక్కు ఎన్నాళ్లుంటుంది అన్నదాని మీద ఇప్పటికీ వాదించుకునేవారు ఉన్నారు. ఫాలౌట్ 3లో ప్రత్యర్థి ప్రెసిడెంట్ ఈడెన్ నీటిలో వైరస్ కలపమన్నప్పుడు అతని తరఫున వాదించిన ఆటగాడిని నేను ఇంతవరకు కలవలేదు.

పీసీ వైద్యుడు:

చర్చ పూర్తయ్యాక ఎలాగూ అడుగుతారు కనుక సాంకేతిక విషయాలు చెప్పేస్తాను. పీసీలో న్యూ వెగాస్ తరచూ ఆగిపోతుంటే ముందుగా 4 జీబీ ప్యాచ్ (ఆటను ఎక్కువ మెమరీ వాడనిచ్చేది) వేసుకోండి, సగం తిప్పలు తీరుతాయి. విడుదలైన కొత్తలో మొదట్లోనే కనిపించే వైద్యుడు డాక్ మిచెల్ తల గిరగిరా తిరిగిన ఆట ఇది, లోపాలు దీనికి పుట్టుకతోనే వచ్చాయి. పీఎస్3 ప్రతి జోలికి మాత్రం వెళ్లకండి, సేవ్ ఫైలు పెరిగే కొద్దీ ఆట నత్తనడక నడుస్తుంది. ఫాలౌట్ 3ని చాలాకాలం పీడించిన మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సేవ గేమ్స్ ఫర్ విండోస్ లైవ్‌ను 2021లో స్టీమ్ ప్రతి నుంచి తీసేశారు. రెండు ఆటలూ మీ దగ్గర ఉన్నాయి కాబట్టి ముందుముందు టేల్ ఆఫ్ టూ వేస్ట్‌ల్యాండ్స్ అనే మాడ్ (అభిమానులు చేసిన మార్పు) చూడండి. ఫాలౌట్ 3 ప్రపంచం మొత్తాన్ని న్యూ వెగాస్ లోపలికి తెస్తుంది, ఒకే పాత్రతో రెండు చోట్లా తిరగవచ్చు. మాస్టారు చెప్పిన తీసివేత లెక్క అక్కడ ఫాలౌట్ 3 జరిగే వాషింగ్టన్‌లో కూడా వర్తిస్తుంది.

డీఎల్‌సీలను విడుదలైన వరుసలోనే ఆడండి: డెడ్ మనీ, ఆనెస్ట్ హార్ట్స్, ఓల్డ్ వరల్డ్ బ్లూస్, చివరగా లోన్‌సమ్ రోడ్. మొదటి నుంచీ ఒకే మనిషి జాడ వాటిలో వినిపిస్తూ, చివరిదానిలో ఆ మనిషే ఎదురుపడతాడు. డెడ్ మనీ మీ ఆయుధాలన్నీ లాగేసుకుంటుంది, పని ముగిసేదాకా బయటకు దారి ఉండదు కాబట్టి, దానిలోకి దిగే ముందు వేరుగా ఒక సేవ్ ఉంచుకోండి.